పొరుగువారిని అడుగని అంగడి

ఊరన్నచోట అంగడి తప్పదు. పదిమంది ఒకచోట కాపురముండిన నాటినుండి ఉప్పునకు, పప్పునకు, నూనెకు, బట్టకు ఒక చోటు కావలసివచ్చును. మన ఊళ్లలో ఆ చోటు రెండు రూపములలో ఉండెడిది. ఒకటి వీథిచివరి కిరాణా కొట్టు. రెండవది వారపు సంత. కొట్టు చిన్నది. ఆ వీథివారికి ఎంత సరుకు కావలయునో ఇంచుమించుగా అంతయే అందులో ఉండును. సంత పెద్దది. కాని అది వారమునకు ఒక్కదినమే, అదియు ఊరి అంచున బయలులో జరుగును. పొద్దు వాలుసరికి బండ్లు కదలును. మరునాటికి ఆ బయలు మరల పశువులకును, ఆడుకొను పిల్లలకును దక్కును. చిన్నది ఇండ్ల నడుమను, పెద్దది ఇండ్లకు కొంత ఎడముగను ఉండుట చాలచోట్ల వాడుకగా ఏర్పడిన పద్ధతి. నిదురించుచోటికిని బేరమాడుచోటికిని నడుమ కొంత దూరము అవసరమని మన పెద్దలు అనుభవము వలన గ్రహించిరి.

నేడు ఆ దూరము చెరగిపోవుచున్నది. విశాఖపట్టణము, విజయవాడ, గుంటూరు, వరంగల్లు, హైదరాబాదు అననేల, మధ్యతరగతి పట్టణములలో సైతము ఇండ్ల వరుసల నడుమ నాలుగైదు అంతస్తుల దుకాణములు లేచుచున్నవి. పాత పెంకుటిల్లు ఒకటి పడగొట్టుదురు. చుట్టును రేకులు కట్టుదురు. కొన్ని మాసములు యంత్రముల హోరు వినవచ్చును. ఒక ఉదయమున ఆ రేకులమీద 'త్వరలో ప్రారంభము' అను పలక వెలయును. ఆ ప్రక్క ఇంటివారికి, ఎదుటి ఇంటివారికి ఆ పలకయే మొదటి సమాచారము. తమ వీథి భవిష్యత్తు నిర్ణయమైపోయిన సంగతి వారికి ఆ విధముగా తెలియవచ్చును.

వారి భయములు ఊహాజనితములు కావు. ముప్పది అడుగుల వీథిలో దినమునకు కొన్నివేల మంది వచ్చిపోయినచో వాహనములు ఎక్కడ నిలుచును? సరుకు లారీలు పగలు నగరములోనికి రానీయని చోట అర్ధరాత్రి వచ్చి దింపును. ఆ చప్పుడు ఎవరి నిదుర చెరచును? విద్యుత్తు పోయినపుడు తిరుగు జనరేటరు పొగ ఎవరి కిటికీలోనికి పోవును? పెద్ద భవనమునకై త్రవ్విన లోతైన బోరుబావి ప్రక్కయింటి చేదబావిని ఏమి చేయును? అగ్నిప్రమాదమే సంభవించినచో అగ్నిమాపక శకటము ఆ వీథిలో తిరుగగలదా? బడికి నడచిపోవు పిల్లలు రోడ్డు దాటుట ఎట్లు? ఇవి గృహస్థుల ప్రశ్నలు. ఇవి అడిగినపుడు వారికి రెండు జవాబులు దొరకుచున్నవి. ఒకటి: 'మీరు అభివృద్ధికి అడ్డుపడుచున్నారు.' రెండు: 'అన్ని అనుమతులును ఉన్నవి.' మొదటిది నింద. రెండవది తలుపు మూయుట. ప్రశ్నకు ప్రత్యుత్తరము మాత్రము ఈ రెంటిలో దేనియందును లేదు.

ఈ విషయమున మొదట రెండు తగవులను విడదీసికొనవలసియున్నది. పెద్ద దుకాణము వచ్చినపుడు చిన్న వర్తకునకు బేరము తగ్గును. అది వర్తకునికిని వర్తకునికిని నడుమ తగవు. మనదేశమున 2012లో బహుళ వస్తువుల చిల్లర వ్యాపారములో నూటికి 51 వంతుల వరకు విదేశీ పెట్టుబడిని అనుమతించినపుడు పార్లమెంటులోను, వెలుపలను జరిగిన వాదము చాలవరకు దానిని గూర్చినదే. అది అల్పవిషయము కాదు. కాని దానితో కలిపి చూచుట వలన రెండవ తగవు మరుగున పడిపోవుచున్నది. రెండవది దుకాణమునకును, దాని ప్రక్కన కాపురమున్నవారికిని సంబంధించినది. ఆ దుకాణము విదేశీయులదైనను, మన ఊరి సెట్టిగారిదైనను లారీ చప్పుడు ఒక్కటియే, పొగ ఒక్కటియే.

ఈ భేదమును జపాను దేశము తన శాసనములలోనే స్పష్టము చేసెను. అచ్చట 1973లో చేసిన పెద్ద దుకాణముల చట్టము ముఖ్యముగ చిన్న వర్తకుల రక్షణకు ఉద్దేశింపబడినది. దానిని తొలగించి 1998లో మరియొక చట్టము చేసిరి. 2000 సంవత్సరమున అది అమలులోనికి వచ్చెను. ఈ క్రొత్త చట్టము ప్రకారము 1,000 చదరపు మీటర్లకు మించిన దుకాణము పెట్టదలచినవారు ముందుగా ప్రభుత్వమునకు తెలుపవలెను. చుట్టుప్రక్కలవారిని సమావేశపరచి తమ ఆలోచనను విశదపరుపవలెను. వాహనములు నిలుపు చోటు, చప్పుడు, చెత్త - వీనిని గూర్చి ఏమి చేయుదురో చెప్పవలెను. పోటీ వలన ఏ వర్తకుడు నష్టపోవునను లెక్కను ఆ విచారణలోనికి తీసికొనరాదు. అనగా, వర్తకుని లాభనష్టములు వేరు, నివాసి బ్రతుకు వేరు అని ఆ చట్టము నిర్ణయించినది. ఆ చట్టము దుకాణమును నిషేధింపలేదు. పొరుగువారి యెదుట కూర్చుండి మాటాడుమన్నది. నేను ఈ వ్యాసమున సమర్థింపదలచినది ఆ ఒక్క ధర్మమునే: కట్టుటకు ముందు అడుగుట.

ముందు అడుగనిచో ఏమగునో తెలిసికొనుటకు జపాను పోనక్కరలేదు. మనవారు తరతరములుగా కాపురమున్న మదరాసులోని త్యాగరాయనగరమునకు పోయిన చాలును. ఆ పేట పుట్టువు మన చరిత్రలోని ముచ్చట. 1920 దశకమున మాంబళము పెద్ద చెరువును పూడ్చి, నివాసమునకు అనువుగా ప్రణాళిక వేసి దానిని నిర్మించిరి. తెలుగు కుటుంబమున పుట్టి జస్టిసు పార్టీకి నాయకుడైన పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేర ఆ నగరము వెలసినది. 1921 నుండి 1926 వరకు మదరాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రిగా నుండిన పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారి పేర నడుమ ఒక ఉద్యానవనము ఏర్పడినది. ఆ వనమును కేంద్రముగ గొని వీథులు నలువైపులకు సాగినవి. తెలుగు చలనచిత్ర రంగము మదరాసున నున్న కాలమున ఎందరో తెలుగు నటులు, రచయితలు ఆ పేటలో ఇండ్లు కట్టుకొనిరి. బజుల్లా రోడ్డులోని నందమూరి తారక రామారావుగారి ఇంటిముందు ఆంధ్రదేశమునుండి వచ్చిన యాత్రికుల బస్సులు నిలిచెడివి. అది ముఖ్యముగ కాపురముల పేట.

ఆ పేటలో మాంబళము రైలు నిలయమునుండి ఉస్మాన్ రోడ్డునకు పోవు ఇరుకు వీథి ఒకటి కలదు. దాని పేరు రంగనాథన్ వీథి. ఒకప్పుడు అది ఇండ్ల వీథి. రైలు దిగినవారు ఆ దారినే నడచుట వలన అచ్చట అంగళ్లు వెలసినవి. అంగళ్లు పెరిగి పెద్ద దుకాణములైనవి. దుకాణములు అంతస్తులుగా లేచినవి. ఏ ఒక్కనాడును ఎవరును 'ఈ వీథిని బజారు చేయుదమా?' అని అచ్చటివారిని అడిగినది లేదు. నేడు పండుగ దినములలో ఆ వీథిని చూచినవారికి అది నేల కానరాని జనప్రవాహము.

మూల్యము తరువాత తెలిసినది. 2008 సెప్టెంబరు 1న ఆ వీథిలోని ఒక పెద్ద దుకాణములో అగ్నిప్రమాదము జరిగి ఇద్దరు పనివారు మరణించిరి. 2011 అక్టోబరు చివర, నిబంధనలు మీరి కట్టిరను కారణమున ఆ పేటలోని అనేక వ్యాపార భవనములకు అధికారులు ముద్రలు వేసిరి. వర్తకులు న్యాయస్థానములకెక్కిరి. 2012 జనవరిలో సుప్రీం కోర్టు తాత్కాలికముగ తెరచుకొననిచ్చెను. 2017 మే 31 తెల్లవారుజామున ఉస్మాన్ రోడ్డులోని 'చెన్నై సిల్క్స్' ఏడంతస్తుల భవనము అంటుకొన్నది. లోపలనున్న కొందరు సిబ్బందిని రక్షించిరి. మంట ఒకదినముతో ఆరలేదు. చుట్టుప్రక్కలవారిని ఇండ్లు ఖాళీ చేయించిరి. భవనములో కొంతభాగము కూలినది, మిగిలినదానిని పడగొట్టిరి. అది దుకాణము తెరువని వేళ. అదే మంట పండుగనాటి సాయంకాలము పుట్టియుండినచో ఏమై యుండెడిదో ఊహించుటకే మనస్సు వెనుదీయును.

ఇచ్చట ఒక న్యాయసూక్ష్మమును గమనింపవలెను. తమిళనాడు శాసనసభ 1998లో తన పట్టణ నిర్మాణ చట్టమునకు ఒక సవరణ చేసి, రుసుము తీసికొని అక్రమ కట్టడములను క్రమబద్ధము చేయుటకు వీలు కల్పించెను. పౌరసంఘమొకటి దానిని ఎదిరించెను. 2000 సంవత్సరమున సుప్రీం కోర్టు ఒక్కమారునకు మాత్రమే అను భావముతో ఆ సవరణను నిలిపినది. 'ఒక్కమారు' అనునది మనదేశమున ఎన్నిమారులు వచ్చునో ఎల్లరకును తెలిసినదే. క్రమబద్ధీకరణ పథకములు తెలుగునాట కూడ ఒకదాని తరువాత ఒకటి వచ్చినవి. కారణము స్పష్టము. లేచిన భవనమును పడగొట్టుట ఎవరికిని సాధ్యముగ తోచదు. అందులో పెట్టుబడి ఉన్నది, పనివారి జీవనమున్నది, బ్యాంకు అప్పు ఉన్నది. న్యాయమూర్తి సైతము ఆ గోడలను చూచి సంకోచించును. కావున పొరుగువాని హక్కునకు బలమున్న కాలము ఒక్కటే: పునాది పడకముందు. పునాది పడిన తరువాత దొరకునది జాలి మాత్రమే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనిన సామెత ఇట్టి సందర్భమునకే పుట్టినది.

మరియొక సంగతి. దుకాణములు తెచ్చిన జనమును మోయుటకు 2023లో మాంబళము రైలు నిలయమునుండి బస్సు నిలయము వరకు సుమారు 570 మీటర్ల పొడవున ఆకాశవంతెన కట్టిరి. నడచువారికి అది మేలే, దానిని తప్పుపట్టుటలేదు. కాని అది కట్టినది ప్రజాధనముతో. లాభము ఒకరిది, రద్దీ అందరిది, వంతెన ఖర్చు ప్రజలది. ఈ లెక్క ముందే వేసియుండినచో దుకాణదారులు తమ వంతు భరించియుండెడివారు కాదా?

'అడుగుట అనునది ధనిక దేశముల విలాసము, దాని వలన ఒరుగునదేమి?' అని ప్రశ్నించువారు కలరు. వారికొరకు అమెరికాలోని ఒక చిన్న నగరము కథ చెప్పవలసియున్నది. ఆ కథలో గెలుపును ఉన్నది, ఓటమియు ఉన్నది.

లాస్ ఏంజిలీసు నగరమునకు ఆనుకొని ఇంగిల్‌వుడ్ అను పట్టణము కలదు. జనసంఖ్య లక్షకు కొంచెము పైన. అచ్చటి నివాసులలో అత్యధికులు నల్లజాతివారు, లాటిన్ అమెరికా సంతతివారు, ధనికులు కారు. వాల్‌మార్ట్ సంస్థ అచ్చట గుర్రపు పందెముల మైదానము ప్రక్కన 60 ఎకరముల స్థలములో పెద్ద దుకాణమును, దానిచుట్టును ఇతర అంగళ్లను కట్టదలచెను. కాలిఫోర్నియా రాష్ట్రములో 1970లో చేసిన పర్యావరణ చట్టము ఒకటి కలదు. పెద్ద కట్టడము వలన రాకపోకలకు, గాలికి, చుట్టుప్రక్కలవారికి ఏమి కలుగునో ముందుగా పరిశీలించి ప్రకటింపవలెనని ఆ చట్టము శాసించును. నగరసభలో అధిక సంఖ్యాకులు ఈ దుకాణమునకు సుముఖులు కారు. అంతట ఆ సంస్థ మరియొక దారి పట్టెను. వేలకొలది సంతకములు సేకరింపజేసి, తన ప్రణాళికను నేరుగ ప్రజల ఓటునకు పెట్టించెను. డెబ్బదికి పైగా పుటల ఆ ప్రతిపాదన నెగ్గినచో రాకపోకల పరిశీలన అక్కరలేదు, పర్యావరణ విచారణ అక్కరలేదు, బహిరంగ సభ అక్కరలేదు. తరువాత దానిని మార్చవలెనన్నను మూడింట రెండువంతుల ఓట్లు కావలెను.

ప్రచారమునకు ఆ సంస్థ పదిలక్షల డాలర్లకు మించి వ్యయము చేసెను. నగరాధ్యక్షుడు దుకాణమునకు అనుకూలుడు. చవుకధరలు, ఉద్యోగములు, పన్నుల రాబడి - ఈ మూడు మాటలు ఇంటింటికిని చేరినవి. ఎదుటి పక్షమున చర్చిల బోధకులు, కార్మిక సంఘములు, సామాన్య గృహస్థులు నిలిచిరి. 2004 ఏప్రిల్ 6న ఓటింగు జరిగినది. నూటికి 60 మందికి పైగా 'వలదు' అనిరి. ఆ ఓటర్లలో చాలమందికి చవుకసరుకు అవసరమే, ఉద్యోగమును అవసరమే. దుకాణము కూడదనునంతమాత్రమే వారి వాదము కాదు. 'మమ్ము అడుగుట మానివేయుటకు మా చేతనే సంతకము పెట్టించుకొనుట ఏమి?' అనునది వారి అభ్యంతరమునకు ప్రాణము. బీదవారు చవుకధరకు లొంగిపోవుదురను అంచనా ఆనాడు తలక్రిందులైనది.

కథ అంతటితో ముగిసిన ఎంత బాగుగ నుండెడిదో! కాని చరిత్ర నీతికథ కాదు. సొనోరా అను మరియొక ఊరిలో అదే సంస్థ తన దుకాణమును పెంచదలచినపుడు, నిర్ణీతసంఖ్యలో సంతకములు వచ్చినయెడల నగరసభ ఓటింగుతో పనిలేక తానే ఆ ప్రతిపాదనను ఆమోదింపవచ్చుననియు, అపుడు పర్యావరణ విచారణ అక్కరలేదనియు కాలిఫోర్నియా సుప్రీం కోర్టు 2014 ఆగస్టులో తీర్పు చెప్పెను. ఇంగిల్‌వుడ్‌లోని ఆ 60 ఎకరములను అదే సంవత్సరము జనవరిలో ఒక క్రీడాజట్టు యజమాని కొనియుండెను. 2015 ఫిబ్రవరిలో అచ్చట మహాక్రీడాంగణము నిర్మించు ప్రతిపాదనను నగరసభ ఏకగ్రీవముగ ఆమోదించెను. అది సంతకముల దారినే వచ్చినది. ప్రజల ఓటును లేదు, విచారణయును లేదు. 2020లో అది తెరువబడినది. పదునొకండేండ్ల క్రిందట ప్రజలు ఓటువేసి మూసిన తలుపు మరియొక చేయి తీసినది. ఒకనాటి గెలుపు తరువాతి దినములకు పూచీ పడదు. అడుగవలెనను నియమము చట్టములో గట్టిగ నిలువవలెను. నిలిచిన తరువాతను దానికి కావలి కాయవలెను.

ఇక మన చట్టముల సంగతి చూతము. 2006 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము పర్యావరణ ప్రభావమును గూర్చి ఒక ప్రకటన చేసినది. 20,000 చదరపు మీటర్లు, అనగా సుమారు 2,15,000 చదరపు అడుగులు మొదలుకొని నిర్మించు పెద్ద భవనములకు ముందుగా పర్యావరణ అనుమతి కావలెనని అందు ఉన్నది. ఆ ప్రకటనలోనే, గనులకును కర్మాగారములకును ఉన్న ప్రజాభిప్రాయ సేకరణనుండి భవననిర్మాణములను మినహాయించిరి. అంతకంటె చిన్న దుకాణములకు ఆ అనుమతియే అక్కరలేదు. పురపాలక సంఘమువారి భవననిబంధనలు కలవు. రోడ్డు వెడల్పు, వదలవలసిన ఖాళీ, వాహనముల చోటు - ఇవి కాగితముమీద సరిపోయినచో అనుమతి వచ్చును. బృహత్ప్రణాళికలో నివాసప్రాంతమును వ్యాపారప్రాంతముగ మార్చవలసివచ్చినపుడు మాత్రము ఆక్షేపణలు కోరుచు ప్రకటన వేయవలెను. ఆ ప్రకటన పత్రికలో ఏ మూలనో చిన్న అక్షరములలో, సర్వే నంబరులతో వెలువడును. తన ఇంటి ప్రక్క స్థలము సర్వే నంబరు ఎంతమందికి తెలియును?

దీనిని మరియొక చట్టముతో పోల్చి చూడుడు. 2014లో పార్లమెంటు వీథి విక్రేతల చట్టము చేసినది. మంచి చట్టము. ఆ చట్టము ప్రకారము ఏ వీథిలో తోపుడుబండ్లు నిలువవచ్చునో ఆలోచించుటకు ఒక పట్టణ సంఘము ఉండవలెను. అందులో నూటికి 40 మందికి తక్కువ కాకుండ విక్రేతల ప్రతినిధులుందురు. ట్రాఫిక్ పోలీసులుందురు, వైద్యాధికారియుండును, నివాసుల సంక్షేమ సంఘముల వారును ఉందురు. అనగా, వంకాయలు, బెండకాయలు అమ్ముకొను బండి ఎచ్చట నిలువవలెనను విషయమున ఇరుగుపొరుగువారితో కలసి కూర్చుండి ఆలోచింపవలెనని మన చట్టమే అంగీకరించినది. లక్ష చదరపు అడుగుల దుకాణము విషయమున మాత్రము అట్టి బల్లయును లేదు, ఆ బల్లచుట్టును కుర్చీలును లేవు. బండి ప్రక్కకు జరుగగలదు, భవనము జరుగలేదు. జరుగగలదానికి సంప్రదింపు, జరుగలేనిదానికి మౌనము - ఇది ఎట్టి న్యాయము?

ఎదుటి పక్షమువారి మాటలలో సత్యమున్నంతవరకు దానిని గౌరవింపవలెను. పెద్ద దుకాణములో ధర వస్తువుమీద అచ్చయి యుండును. చదువరికిని, చదువురానివారికిని, పిల్లవానికిని ఒకే ధర. తూకములో మోసము తక్కువ. అరువు పద్దులో ఏమి వ్రాసిరో అను దిగులు లేదు. 'నీ కులమేమి, నీ ఊరేది?' అని అడుగువారు లేరు. మన పాత బజారులన్నియు ఈ విషయమున అంత నిర్మలములు కావు. ఆడపిల్లలు నిర్భయముగ నాలుగు వస్తువులు చేత పట్టి చూచి, కొనక వెడలిపోవచ్చును. ఇవి అల్పమైన మేళ్లు కావు. ఉద్యోగములును వచ్చును. అవి ఎట్టివను ప్రశ్న వేరు. దినమంతయు నిలుచుండి పనిచేయువారికి కూర్చుండుటకు ఆసనము చూపవలెనని 2021లో తమిళనాడు శాసనసభ చట్టము చేయవలసివచ్చినది.

మరియొక ఆక్షేపణయు కలదు. అడ్డుచెప్పువారిలో స్వార్థపరులుండవచ్చును. తాము కారులో పోయి దూరపు మాల్‌లో కొనుగోలు చేసికొని వచ్చి, తమ కాలనీలోనికి మాత్రము 'జనము' రాకూడదను వారు లేకపోలేదు. అట్టివారి మాట అందరి మాటగ చెల్లరాదు. అందువలననే విచారణ బహిరంగముగ జరుగవలెననుచున్నాను. గుట్టుగా జరిగినచోట బలవంతుడగు గృహస్థుడు మంత్రిని చూచి పని ఆపించును. బలవంతుడగు వర్తకుడు మంత్రిని చూచి పని చేయించును. ఇద్దరును లేని బీదవాడు తన ఇంటిముందు లారీ నిలుచుట చూచుచుండును. పదిమందిలో మాటాడవలసివచ్చినపుడు స్వార్థము తన రంగు దాచుకొనలేదు. న్యాయమైన భయమునకు గొంతు వచ్చును.

హైదరాబాదులో హైటెక్ సిటీ వద్ద 2018 ఆగస్టు 9న ఐకియా సంస్థ మనదేశములోని తన మొదటి దుకాణమును తెరచినది. 13 ఎకరముల స్థలము. నాలుగు లక్షల చదరపు అడుగుల కట్టడము. మొదటి దినముననే సుమారు 40,000 మంది వచ్చిరని పత్రికలు వ్రాసినవి. విశాలమైన రోడ్లున్న ఆ ప్రాంతములో సైతము ఆనాడు వాహనములు గంటల తరబడి నిలిచిపోయినవి. ఆ సంస్థను నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. అంత వెడల్పున్నచోటనే అట్లయినచో, దానిలో నాలుగవవంతు దుకాణము ముప్పది అడుగుల వీథిలో ఏమి చేయగలదో లెక్కవేసికొనుటకే చెప్పుచున్నాను.

మరి కోరవలసినదేమి? నాలుగు కోరికలు చాలును. ఇండ్ల నడుమ పెద్ద దుకాణము కట్టదలచిన స్థలముమీద, దరఖాస్తు పెట్టిన దినముననే, అందరికిని అర్థమగు తెలుగులో పలక కట్టవలెను: ఎన్ని అంతస్తులు, ఎంత వైశాల్యము, ఎన్ని వాహనములకు చోటు, సరుకు దింపు వేళలేవి. ఇది మొదటిది. ఆ వార్డులో ఒక బహిరంగ సభ జరుపవలెను. మూడులక్షలు, అంతకు మించిన జనసంఖ్య గల పురములలో వార్డు కమిటీలుండవలెనని 74వ రాజ్యాంగ సవరణ 1993 నుండి చెప్పుచునే యున్నది; వానికి ఇంతకంటె తగిన పని ఏది? ఇది రెండవది. రాకపోకలు, నీరు, మురుగు, అగ్నిభయము - ఈ నాలుగింటి లెక్కలను సభకు ముందే ప్రకటింపవలెను. ఇది మూడవది. వచ్చిన ప్రతి ఆక్షేపణకును, అంగీకరించినను త్రోసివేసినను, కారణము వ్రాసి ఈయవలెను. ఇది నాలుగవది. వీనిలో ఏదియు దుకాణమును ఆపునది కాదు. మంచి దుకాణము ఈ నాలుగింటిని దాటి వచ్చును. వచ్చిన తరువాత పొరుగువారితో పగ ఉండదు.

ఈ పని చట్టసభలవారు చేయునంతవరకు ఊరకుండవలసిన పనిలేదు. ఉపాధ్యాయులకు ఇది ఒక సజీవమైన పాఠము. సాంఘికశాస్త్ర పుస్తకములో పురపాలక సంఘము అను అధ్యాయము కలదు. దానిని విద్యార్థులు కంఠస్థము చేసి పరీక్షలో వ్రాసి మరచిపోవుదురు. దానికి బదులు, పాఠశాల ముందరి వీథి వెడల్పును టేపుతో కొలువుమనుడు. ఉదయము తొమ్మిది మొదలు పది వరకు ఎన్ని ఆటోలు, ఎన్ని బస్సులు, ఎందరు నడచుపిల్లలు ఆ దారిని పోవుదురో లెక్కించి పట్టిక వేయుమనుడు. గణితమును వచ్చును, పౌరధర్మమును వచ్చును. రేపు ఆ వీథిలో పెద్ద దుకాణము వచ్చుననిన వార్త పుట్టినపుడు ఊరివద్ద ఒక లెక్క ఉండును. 'ఇబ్బందిగ నుండును' అను మాటను అధికారి త్రోసివేయగలడు. 'గంటకు ఇన్ని వాహనములు, వీథి వెడల్పు ఇంత' అను మాటను త్రోసివేయుట కష్టము. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఏ పౌరుడైనను అనుమతి పత్రము ప్రతిని కోరవచ్చును. ఆ దరఖాస్తు వ్రాయుట నేర్పుట, సెలవు చీటి వ్రాయుట నేర్పుటకంటె కష్టము కాదు.

మన ఇండ్లలో పెండ్లి పందిరి వీథికి అడ్డముగ వేయవలసినపుడు ఎదుటి ఇంటికి పోయి, 'అన్నయ్యగారూ, రెండుదినములు మీకు దారి ఇబ్బంది, మన్నింపవలయును' అని చెప్పివచ్చుట ఇప్పటికిని ఆచారము. ఎదుటివారు 'అయ్యో, దానికేమి, మన ఇంటి పెండ్లియే గదా' అందురు. రెండు దినముల పందిరికే ఇంత మర్యాద పాటించు సమాజము, ఏబది సంవత్సరములు నిలుచు భవనము విషయమున ఒక్కమాట అడుగవలెననుట అత్యాశ కాదు. ఆ మర్యాదను చట్టముగ వ్రాయించుకొనుట ఈ తరము పౌరుల పని.